మూర్ఛ మాత్రల లెవెల్: ఆ అంకెను ఎప్పుడు నమ్మాలి

రిపోర్టులో ఉండేది ఒక్క లైను. ఫెనిటాయిన్, సీరం: 8.0. పక్కన రెఫరెన్స్ 10–20 అని, దాని పక్కన ‘తక్కువ’ అని చెప్పే గుర్తు. పీడీఎఫ్ సాయంత్రానికల్లా ఫోనుకి వస్తుంది. డాక్టరు అపాయింట్‌మెంట్ మాత్రం మూడు వారాల తర్వాత. అసలు ప్రమాదం ఈ మూడు వారాల్లోనే ఉంది. ‘తక్కువుందిగా, రాత్రికి ఇంకో మాత్ర కలిపి వేసుకో’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అదే అంకె 14 వచ్చి ఉంటే ‘నార్మలే కదా, ఇంకా ఎన్నాళ్ళీ మాత్రలు’ అని అదే నోరు అంటుంది. రెండు మాటలూ ప్రేమతో అన్నవే. రెండింటిలో ఏది విన్నా మనిషి ఆస్పత్రి పాలు కావచ్చు.

ఈ పరీక్ష గురించి చందాపురను దృష్టిలో పెట్టుకుని రాయడానికి కారణం ఉంది. హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర దాటాక, అత్తిబెలెకు ముందు వచ్చే ఊరిది. ఆనేకల్‌కు తిరిగే దారి ఇక్కడే. బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద పనిచేసే వాళ్ళు చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటారు. వాళ్ళలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చిన వాళ్ళు చాలామంది. ఆనేకల్, హోసూరు ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. ఇదే రోడ్డు మీద బెంగళూరు వైపు సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే నిమ్హాన్స్. మూర్ఛ వైద్యంలో దేశంలోనే పేరున్న సంస్థ. కానీ అక్కడికి వెళ్ళి, క్యూలో నిలబడి, తిరిగి రావాలంటే ఒక రోజు జీతం పోతుంది. రక్తం ఇవ్వడానికైతే వీధి చివర ల్యాబు చాలు. అందుకే ఈ ఊళ్ళో చాలామందికి రిపోర్టు ముందు దొరుకుతుంది, దాన్ని చదివి చెప్పే మనిషి తర్వాత దొరుకుతాడు.

మూర్ఛ అరుదైన జబ్బు కాదు. నిమ్హాన్స్ వైద్యులు బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ లక్షకు పైగా మందిని పరిశీలించి 2004లో ఒక సర్వే ప్రచురించారు. అందులో వెయ్యి మందిలో దాదాపు 9 మందికి మూర్ఛ ఉన్నట్టు తేలింది. నగరంలో వెయ్యికి 6 కన్నా కాస్త తక్కువ, పల్లెల్లో దాదాపు 12. పల్లెకూ నగరానికీ మధ్య ఉన్న చందాపుర లాంటి చోట ఏ వీధిలోనైనా ఈ మాత్రలు వేసుకునే మనిషి ఒకరైనా ఉంటారనుకోవాలి.

రక్తంలో మందు ఎంతుందో కొలవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఫెనోబార్బిటాల్ మూర్ఛకు పనిచేస్తుందని 1912లో తెలిసింది. మన పెద్దవాళ్ళకు అది గార్డినాల్ మాత్రగా తెలుసు. ఫెనిటాయిన్ 1938లో వచ్చింది. ఈప్టాయిన్ అంటే మెడికల్ షాపులో ఎవరైనా తీసిస్తారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు డాక్టర్లు డోసును కంటితోనే అంచనా వేశారు. ఫిట్స్ ఆగాయా, నడక తూలుతోందా, మాట ముద్దగా వస్తోందా అని చూసేవారు. అయితే ఒకే బరువున్న ఇద్దరికి ఒకే మాత్ర ఇచ్చినా, ఒకరి కాలేయం దాన్ని త్వరగా కరిగించేస్తుంది, ఇంకొకరి కాలేయం నిదానంగా. మింగిన మాత్ర లెక్క చెబితే రక్తంలో ఉన్న మందు లెక్క తెలియదు.

ఈ తేడా ఎంత దూరం పోగలదో 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ చూపించింది. అక్కడ ఫెనిటాయిన్ క్యాప్సూల్ వాడేవాళ్ళకు ఉన్నట్టుండి మత్తు, తూలుడు మొదలయ్యాయి. డోసు ఎవరూ మార్చలేదు. తయారీలో మందుకు తోడుగా కలిపే పొడి మారింది, అంతే. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ ఉండేది, దాని బదులు లాక్టోజ్ కలిపారు. లాక్టోజ్‌తో మందు పేగులోంచి రక్తంలోకి ఎక్కువగా చేరింది. రక్తం తీసి కొలిచాకే కారణం బయటపడింది. మందుల షాపులో ‘ఆ కంపెనీది లేదు, ఇది తీసుకోండి, సేమ్ మందే’ అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి డాక్టరుకు ఫోన్ చేయమని చెప్పేది ఇందుకే. మాత్రలు పూర్తిగా అయిపోయి వేరే దారి లేకపోతే మాత్రం ఆ రాత్రి మానేయడం కన్నా దొరికినది వేసుకోవడమే మేలు. మర్నాడు డాక్టరుకు చెప్పాలి.

లెవెల్ పరీక్ష నిజంగా తన ఖర్చుకు న్యాయం చేసేది ఫెనిటాయిన్ విషయంలో. ఎక్కువ మందులకు డోసు రెట్టింపు చేస్తే రక్తంలో లెవెల్ కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఫెనిటాయిన్ ఆ లెక్కకు లొంగదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైములకు ఒక హద్దు ఉంది. అత్తిబెలె టోల్‌గేటు దగ్గర కౌంటర్లన్నీ తెరిచే ఉన్నా, ఒక హద్దు దాటాక వచ్చే ప్రతి పది బళ్ళూ వెనక క్యూని ఇంకా ఇంకా పొడవు చేస్తాయి. కాలేయంలో జరిగేదీ అదే. పాఠ్యపుస్తకాలు ఇచ్చే సగటు విలువలతో 65 కిలోల మనిషికి లెక్క వేసి చూద్దాం. రోజుకు 300 మిల్లీగ్రాములతో లెవెల్ సుమారు 8. ఇంకో 50 కలిపితే 12. మరో 50 కలిపి 400 చేస్తే 21. మొదటి 50 మేలు చేసింది, రెండో 50 విషం వైపు నెట్టింది. పెంచిన డోసు రెండుసార్లూ ఒకటే. మొదట్లో చెప్పిన ‘ఇంకో మాత్ర కలిపి వేసుకో’ అన్న సలహా ఎందుకు ప్రమాదమో ఈ మూడు అంకెలు చెబుతాయి, ఎందుకంటే ఆ ఇంకో మాత్ర తరచుగా 100 మిల్లీగ్రాములది.

సాధారణంగా 20 దాటితే కళ్ళు పక్కకు చూసినప్పుడు గుడ్లు అదురుతాయి. 30 దాటితే నడక తూలుతుంది. 40 దాటితే మత్తు, అయోమయం. మరీ ఎక్కువైతే మందే ఫిట్స్ తెప్పించవచ్చు. అప్పుడు జబ్బు ముదిరిందనుకుని ఇంకా పెంచే పొరపాటు జరుగుతుంది. నైట్ షిఫ్టుకు తూలుతూ వచ్చిన మనిషిని తాగొచ్చాడని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తే అతని ఉద్యోగం పోతుంది, అసలు కారణం ఎవరికీ తెలియదు. ఇలాంటి మనిషికి అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. ఇక్కడ దాని విలువకు సాటి లేదు.

ఇక రక్తం ఎప్పుడు ఇవ్వాలి? ల్యాబు వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ‘పరగడుపునా?’ అని. షుగర్ పరీక్షకు అది సరైన ప్రశ్న. ఈ పరీక్షకు అడగాల్సింది ‘చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు?’ అని. మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు లెవెల్ ఎక్కుతుంది, తర్వాతి మాత్ర వేళకు అడుగుకు దిగుతుంది. పోల్చి చూడటానికి పనికొచ్చేది ఆ అడుగు అంకె. అందుకే ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం ఇచ్చి, ఇచ్చిన వెంటనే మాత్ర వేసుకోవాలి. మాత్ర డబ్బాను కూడా తీసుకెళ్ళడం మంచిది, లేకపోతే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమై ఆ డోసే తప్పిపోతుంది. వాల్ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందుకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. రోజులో దాని లెవెల్ బాగా ఊగిసలాడుతుంది. ఉదయం ఎనిమిదికి తీసిన రక్తాన్నీ మధ్యాహ్నం రెండుకు తీసిన రక్తాన్నీ పక్కపక్కన పెట్టి, ‘పెరిగింది’ అనో ‘తగ్గింది’ అనో చెప్పడానికి లేదు.

షిఫ్టు మారే వాళ్ళకు ఇది మరీ చిక్కు. ఈ వారం రాత్రి డ్యూటీ అయితే ‘రాత్రి మాత్ర’ తెల్లవారాక పడవచ్చు. హోమ్ కలెక్షన్ కుర్రాడు ఏడింటికల్లా వచ్చి రక్తం తీసుకుపోతాడు. అప్పటికి మాత్ర పడి అరగంటైనా, పన్నెండు గంటలైనా రిపోర్టులో ఆ తేడా కనిపించదు. అందుకే మాత్ర వేళ, రక్తం తీసిన వేళ రెండూ కాగితం మీద ఉండాలి.

వేళతో పాటు రోజుల లెక్క కూడా ఉంది. డోసు మార్చిన మర్నాడే పరీక్ష చేయిస్తే ఆ అంకెకు అర్థం లేదు. మందు రక్తంలో కుదురుకోవడానికి సమయం పడుతుంది. లెవెటిరాసిటామ్‌కు రెండు రోజులు చాలు. ఫెనోబార్బిటాల్‌కు దాదాపు మూడు వారాలు. ఫెనిటాయిన్ లెవెల్ ఎంత పైన ఉంటే కుదురుకోవడం అంత ఆలస్యం. కార్బమజెపైన్‌ది మరో తీరు. అది తనను కరిగించే ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదటి వారంలో బాగున్న లెవెల్, డోసు మార్చకపోయినా నెల తిరిగేసరికి కిందికి దిగిపోతుంది. రోగి మాత్రలు ఎగ్గొడుతున్నాడని ఇంట్లో అనుమానించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదట చూసిన 8 అంకె దగ్గరకు వద్దాం. రక్తంలోని ఫెనిటాయిన్‌లో నూటికి 90 వంతులు అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. మెదడులో పనిచేసేది విడిగా ఉన్న ఆ మిగతా 10 వంతులే. మామూలు పరీక్ష రెండింటినీ కలిపి కొలుస్తుంది. కాలేయ జబ్బు వల్లనో, మూత్రంలో ప్రోటీన్ పోవడం వల్లనో, సరైన తిండి లేకనో, ఎక్కువ రోజులు ఐసీయూలో ఉండటం వల్లనో అల్బుమిన్ పడిపోయిన మనిషిలో మొత్తం తక్కువగా కనిపించినా, విడిగా ఉన్న మందు సరిపడా ఉండవచ్చు. దీనికి డాక్టర్లు వాడే ఒక సూత్రం ఉంది: అల్బుమిన్‌ను 0.2తో గుణించి, 0.1 కలిపి, వచ్చినదానితో కొలిచిన లెవెల్‌ను భాగించాలి. అల్బుమిన్ 2.0 ఉన్న మనిషికి 8ని 0.5తో భాగిస్తే 16 వస్తుంది. అంటే ‘తక్కువ’ అని గుర్తు పడిన రిపోర్టు నిజానికి హద్దుల మధ్యలోనే ఉంది. ఈ మనిషికి డోసు పెంచితే ఏమవుతుందో పైన చూశాం. సూత్రం అంచనా మాత్రమే, కిడ్నీలు పాడైన వాళ్ళకు ఇలాగే వర్తించదు. విడి ఫెనిటాయిన్‌ను నేరుగా కొలిచే పరీక్ష ఉంది, దొరికితే అదే మేలు. దొరకని చోట ఫెనిటాయిన్ లెవెల్‌తో పాటు అల్బుమిన్ కూడా రాయమని అడగండి. అది ప్రతి ల్యాబులోనూ చేసేదే.

సరే, అల్బుమిన్ బాగానే ఉంది, వేళకే రక్తం ఇచ్చారు, అయినా 8 వచ్చింది. ఫిట్స్ మాత్రం రెండేళ్ళుగా లేవు. అప్పుడేం చేయాలి? ఏమీ చేయనక్కర్లేదు. 10–20 అనేది చాలామందికి ఫిట్స్ ఆగి, ఇబ్బందులు తక్కువగా ఉన్న మేర. ఫెనోబార్బిటాల్‌కు 15–40, కార్బమజెపైన్‌కు 4–12, వాల్ప్రోయేట్‌కు 50–100 కూడా అలా వచ్చినవే. కొందరికి అంతకన్నా తక్కువలోనే జబ్బు అదుపులో ఉంటుంది. కొందరికి పైహద్దు దాటితే గానీ ఫిట్స్ ఆగవు, వాళ్ళు దాన్ని తట్టుకోగలరు కూడా. మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయం స్పష్టంగా చెప్పాయి: ఒక మనిషికి ఏ లెవెల్ దగ్గర ఫిట్స్ ఆగి ఒళ్ళు తేలిగ్గా ఉందో అదే ఆ మనిషి లెవెల్. దాన్ని ఒకసారి కొలిచి రాసిపెట్టుకుంటే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. అంతకుముందే 2000లో ఇటలీ వైద్యులు 180 మంది కొత్త రోగులతో ఒక ప్రయోగం ప్రచురించారు. సగం మందికి లెవెల్ చూసి డోసు నిర్ణయించారు, సగం మందికి రోగి పరిస్థితి మాత్రమే చూసి. చివరికి రెండు గుంపుల ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి మూడు నెలలకూ అందరికీ ఈ పరీక్ష రాయాల్సిన పని లేదని నేను నమ్మకంగా చెప్పేది అందుకే. ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న లెవెటిరాసిటామ్‌కైతే మామూలు రోజుల్లో లెవెల్ చూసే అవసరం చాలా అరుదు.

అయితే తప్పనిసరిగా చూడాల్సిన సందర్భాలున్నాయి. అక్కడ ఖర్చుకు వెనకాడకూడదు. టీబీ మందులు వాటిలో ముఖ్యమైనవి. ఐసోనియజిడ్ ఫెనిటాయిన్‌నూ కార్బమజెపైన్‌నూ పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు తక్కెడ ఎటు తూగుతుందో మనిషిని బట్టి ఉంటుంది. కోర్సు మొదలైనప్పుడూ, మధ్యలోనూ, ఆపినప్పుడూ కొలవక తప్పదు. గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్ కార్బమజెపైన్‌ను ఎక్కిస్తుంది. ఐసీయూలో ఇచ్చే మెరోపెనెమ్ వాల్ప్రోయేట్‌ను ఒకటి రెండు రోజుల్లోనే దారుణంగా పడగొడుతుంది. ఆయుర్వేద మందులకు ఈ బాధ లేదనుకునేవారు ఒక విషయం తెలుసుకోవాలి. జ్ఞాపకశక్తికని పిల్లలకు పోసే శంఖపుష్పి మందు ఫెనిటాయిన్ లెవెల్‌ను తగ్గించి, ఆగిన ఫిట్స్‌ను మళ్ళీ రప్పించిన సంగతిని మన దేశపు పరిశోధకులే 1992లో ప్రచురించారు. డాక్టరుకు చూపించే మందుల చీటీలో అరకులు, టానిక్కులు, నాటుమందులు అన్నీ రాయాలి. తిడతారేమోనని దాస్తే నష్టపోయేది రోగే.

గర్భిణుల సంగతి విడిగా చెప్పాలి. లామోట్రిజిన్ వాడే స్త్రీలలో నెలలు నిండేకొద్దీ ఒళ్ళు మందును చాలా వేగంగా బయటికి పంపేస్తుంది. అదే డోసు మింగుతున్నా లెవెల్ సగానికి పడిపోవచ్చు. లెవెటిరాసిటామ్ కూడా తగ్గుతుంది. అందుకే గర్భం రాకముందే, జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో ఒక లెవెల్ తీసి పెట్టుకోవాలి. కాన్పు దాకా దాన్ని లక్ష్యంగా పెట్టుకుని డాక్టరు డోసు పెంచుతారు. ప్రసవం కాగానే ఒళ్ళు కొద్ది వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. పెంచిన డోసును అప్పుడు తగ్గించకపోతే బాలింతకు కళ్ళు తిరిగి, చేతిలో బిడ్డ ఉండగానే తూలే ప్రమాదం ఉంది. మన ఇళ్ళలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. చందాపురలో డోసు పెంచిన డాక్టరు ఒకరు, మదనపల్లెలోనో హిందూపురంలోనో కాన్పు చేసే డాక్టరు ఇంకొకరు. వాళ్ళిద్దరికీ మధ్య ఉండే వంతెన ఆ అమ్మాయి ఫైలు ఒక్కటే. గర్భానికి ముందటి లెవెల్, అప్పటి డోసు, ఇప్పటి డోసు, కాన్పయ్యాక ఎంతకు తగ్గించాలన్నది ఒక కాగితం మీద రాయించుకుని చీరల కన్నా ముందు దాన్ని సర్దుకోవాలి. వాల్ప్రోయేట్ వాడుతున్న స్త్రీలు గర్భం గురించి ఆలోచన మొదలైనప్పుడే డాక్టరును కలవాలి. ఆ మందుతో పుట్టే బిడ్డలలో సుమారు పది మందిలో ఒకరికి అవయవ లోపాలు వస్తాయి, ఎదుగుదల సమస్యలు ఇంకా ఎక్కువ. అయినా సరే, భయపడి ఒక్కసారిగా మాత్రలు ఆపకూడదు. ఆపితే వరసగా వచ్చే ఫిట్స్ తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాంతకం కావచ్చు.

లెవెల్ పరీక్షతో కలిపి కొన్ని వేరే రక్త పరీక్షలు రాస్తారు. వాటి పని వేరు. కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్ వాడేవాళ్ళకు సోడియం, వాల్ప్రోయేట్‌కు కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, మరీ మత్తుగా ఉంటే అమోనియా, పాత మందులు ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ డి. లెవెల్ అంకెల విషయంలో ఇంకో సంగతి: కెనడా లాంటి చోట ఉన్న పిల్లలు పంపే రిపోర్టుల్లో కొలమానమే మారుతుంది. అక్కడ ఫెనిటాయిన్ 40–80 అని కనిపిస్తే అది మన 10–20కి సమానం.

ఇక లెవెల్ తక్కువ రావడానికి అన్నిటికన్నా సామాన్యమైన కారణం మాత్ర వేసుకోకపోవడం. దాని వెనక కారణాలు చాలాసార్లు సోమరితనానికి సంబంధించినవి కావు. నలుగురు ఉండే గదిలో మాత్ర డబ్బా తీస్తే ‘ఏంటి జబ్బు’ అని అడుగుతారని భయం. మేనేజరుకు తెలిస్తే మిషన్ మీద నుంచి తీసేస్తారని భయం. పెళ్ళి సంబంధం చెడుతుందని ఇంట్లో వాళ్ళ భయం. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్ళి చెల్లదనడానికి వీలిచ్చిన మాటను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు. అత్తారింట్లో మాత్రలు దాచుకుని మింగే కోడళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. తక్కువ వచ్చిన రిపోర్టు పట్టుకుని రోగిని నిలదీస్తే, తర్వాతి పరీక్షకు ముందు మూడు రోజులు మాత్రం జాగ్రత్తగా వేసుకుని వస్తాడు. అప్పుడు అంకె బాగుంటుంది, ఫిట్స్ అలాగే ఉంటాయి. ‘ఏ పూట మాత్ర తప్పిపోతోంది, ఎందుకు?’ అని నెమ్మదిగా అడిగితే దారి దొరుకుతుంది. రోజుకు మూడుసార్లు వేసుకునేదాన్ని ఒకసారికో రెండుసార్లకో మార్చగల మాత్రలు చాలా మందుల్లో ఉన్నాయి. షిఫ్టు మనిషికి ఆ మార్పే పెద్ద వైద్యం.

ల్యాబు నడిపేవాళ్ళకు ఒక విన్నపం. ఈ పరీక్షకు వచ్చినవారి ఫారం మీద చివరి మాత్ర వేళ, డోసు మార్చిన తేదీ రాయడానికి రెండు గళ్ళు పెట్టండి, అవి రిపోర్టులో కూడా కనిపించేలా చూడండి. దానికి కొత్త మిషన్ అక్కర్లేదు. రోగులకు, వాళ్ళ ఇంటివాళ్ళకు చెప్పేది ఇంతే. రిపోర్టులో ఏ అంకె వచ్చినా, డాక్టరుతో మాట్లాడేదాకా ఈ రాత్రి వేసుకోవాల్సిన మాత్రను ఎప్పటి డోసులోనే వేసుకోండి. తూలుడు, మత్తు, మాట తడబాటు ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే పూట ఆస్పత్రికి వెళ్ళండి. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.